పాత బోర్డు మీద కొత్త ప్రాసెసర్

హార్డ్‌వేర్ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఎక్కడైనా కలిస్తే "మీ కాలంలో బాగుండేది కదా అంకుల్" అంటారు. ఏం బాగు, నా మొహం! నడుం నొప్పి, దుమ్ముతో వచ్చిన దగ్గు, కేబినెట్ రేకు అంచులకు తెగిన వేళ్లు. ఏ హీరో గారింట్లో కాఫీ తాగావో, ఎవరెవరితో ఫొటో దిగావో రాయమని మా బంధువులు అంటారు. నిజం చెప్పాలంటే అవేవీ నాకు సరిగ్గా గుర్తు లేవు. బాగు చేసిన మెషిన్లు కూడా గుర్తు లేవు. పాడు చేసినవి మాత్రం బాగా గుర్తున్నాయి. వాటిలో ఒకదాని గురించి చెప్పడానికే ఇది మొదలుపెట్టాను. నాకు రాయడం అలవాటు లేదు, అటూ ఇటూ పోతుంటాను. కాస్త ఓపిక పట్టండి.

గుట్టల మీద కొలువు

మాది ఎర్రగడ్డ. ఎనభైల్లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తి చేసి, మొదట టీవీలు రిపేరు చేశాను. సగం పని డాబాల మీదే. పైనుంచి నేను యాంటెనా తిప్పుతుంటే కిందినుంచి ఇంటివాళ్లు "వచ్చింది, వచ్చింది... పోయింది!" అని అరిచేవాళ్లు. తర్వాత మూర్తి గారి సర్వీస్ కంపెనీలో చేరాను. ముందు ఎలక్ట్రానిక్ టైప్‌రైటర్లు, ఆ తర్వాత కంప్యూటర్లు. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ కాల్స్ అన్నీ నాకే పడ్డాయి. లూనా మోపెడ్ మీద ఆ ఎత్తు ఎక్కడానికి మిగతావాళ్లెవరూ ముందుకు రాలేదు మరి.

అప్పటికి అక్కడ ఇళ్లకన్నా బండలే ఎక్కువ. ఎక్కడ చూసినా రాళ్లు పేల్చి పునాదులు తీసేవాళ్లు. ఆ రాతి దుమ్ము కంప్యూటర్ల లోపల పిండిలా పేరుకునేది. సినిమా ఆఫీసంటే ఒక అద్దె ఇల్లు, గేటుకు ఒక బోర్డు. ఈ ఏడు ఒక బ్యానర్ ఉంటే వచ్చే ఏడు ఇంకొకటి. కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లాలి. లోపల మాత్రం కీబోర్డు పక్కనే పెరుగన్నం ప్లేటు. కీబోర్డు తిరగేసి మెతుకులు దులిపి వచ్చేవాణ్ని.

మూర్తి గారి రెండు పాఠాలు

మా మూర్తి గారిది బెజవాడ. మనిషి మంచివాడే, కానీ భయస్తుడు. ఆయన నేర్పిన ఒక మాటకు నేను ఇప్పటికీ దండం పెడతాను. "మల్లేశం, వెళ్లగానే మెషిన్ మూత విప్పకు. ముందు దాని ముందు కూర్చునే మనిషిని అడుగు. రోజంతా దాంతో కాపురం చేసేది వాళ్లు. వాళ్లకు తెలిసినంత నీకు తెలియదు." వందకు వంద నిజం. టెస్ట్ ఫ్లాపీలు చెప్పని సంగతులు ఆపరేటర్లు చెప్పేవాళ్లు.

రెండో పాఠం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "కారణం దొరక్కపోతే రిపోర్టులో వైరస్ అని రాసెయ్యి. ఎవరూ ఎదురు అడగరు."

అడిగేవాళ్లు కారు. ఇదివరకు జనం దిష్టి మీద వేసేవన్నీ ఆ రోజుల్లో మేం వైరస్ మీద వేసేవాళ్లం. పవర్ సప్లై పోయినా వైరస్సే, మౌస్ వైరు ఎలుక కొరికినా వైరస్సే. కస్టమర్ భయపడి ఊరుకునేవాడు, కంపెనీకి మాట వచ్చేది కాదు. నేనెన్నిసార్లు రాశానో లెక్కలేదు. దానివల్ల ఎవరికైనా నష్టం ఉందని ఒక్కనాడూ అనిపించలేదు.

ముహూర్తం పది నలభైకి

తొంభైలు సగం దాటాక ఫిలింనగర్‌లో ఒక నిర్మాణ సంస్థ కొత్త సినిమా మొదలుపెట్టింది. వాళ్ల దగ్గర ఒక పాత కంప్యూటర్ ఉంది. దాన్ని వాడే ఆపరేటర్ వసుంధర గారు, ముప్ఫై ఏళ్లావిడ, మోతీనగర్ నుంచి బస్సులో వచ్చేది. వాళ్లది తెనాలి. తండ్రి అక్కడా ఇక్కడా ప్రెస్సుల్లో ముప్ఫై ఏళ్లు ప్రూఫ్‌రీడర్‌గా చేసి మానేసిన మనిషి. రచయిత చేత్తో రాసిన సీన్లను తెలుగులో టైపు చేయడం ఆమె పని. అంత శుభ్రంగా టైపు చేసేవాళ్లను నేను ఫిలింనగర్‌లో ఇంకొకరిని చూడలేదు. "పేజీ కిందికి జరపాలంటే ఆవులింత వచ్చేంతసేపు పడుతోందండీ, కొంచెం వేగం పెంచలేరా?" అని ఆమే అడిగింది. ప్రొడక్షన్ మేనేజర్ రాఘవయ్య గారు కొత్త మెషిన్ వద్దన్నాడు. ఉన్నదాంట్లోనే కొత్త ప్రాసెసర్ వేయమన్నాడు.

ఆ మెషిన్లోది చవక మదర్‌బోర్డు. వోల్టేజీ ఒక్కటే రకం ఇస్తుంది. మేం తెచ్చిన కొత్త రకం ప్రాసెసర్‌కు రెండు రకాలు కావాలి, బయటికి ఎక్కువ, లోపలికి తక్కువ. బోర్డుకీ దానికీ మధ్య ఒక అడాప్టర్ సాకెట్ పెడితే సరిపోతుంది. అది లేకుండా నేరుగా కూర్చోబెట్టినా మెషిన్ ఆన్ అవుతుంది, చక్కగా పరిగెడుతుంది కూడా. కాకపోతే పడాల్సిన దానికన్నా ఎక్కువ వోల్టేజీ పడి లోపల కాలుతూ ఉంటుంది. పూర్తిగా కాలిపోతే నయం, అందరికీ తెలుస్తుంది. సగం కాలే ప్రాసెసర్ అబద్ధాలు చెబుతుంది. ఒకటి రాయమంటే ఇంకొకటి రాస్తుంది.

ఆ అడాప్టర్ సికింద్రాబాద్ మార్కెట్లో ఆ వారం లేదు, రెండు రోజుల్లో వస్తుందన్నారు. వీళ్ల ముహూర్తమేమో మర్నాడు పొద్దున పది నలభైకి. ఆ గడియలో కొత్త ప్రాసెసర్‌తో మెషిన్ ఆన్ చేసి మొదటి సీను మొదటి మాట టైపు చేయాలట. పంతులు గారు రాసిచ్చారు.

మూర్తి గారిని అడిగితే "ముందు పెట్టేసి రావయ్యా, రెండు రోజుల్లో పోయి అడాప్టర్ వేద్దువు గాని. రెండ్రోజుల్లో ఏం మునిగిపోదు" అన్నారు. నాకూ అదే నిజమనిపించింది. ప్రాసెసర్ మార్చాక మూత బిగించి రోజంతా నడిపి చూడందే మెషిన్ అప్పగించకూడదని నాకో నియమం ఉండేది. ఆ రోజు దాన్నీ గట్టున పెట్టి, అడాప్టర్ లేకుండానే కొత్త ప్రాసెసర్ కూర్చోబెట్టాను.

పది నలభైకి మెషిన్ ఆన్ అయింది. కొబ్బరికాయ కొట్టారు, హారతి ఇచ్చారు. వసుంధర గారు మొదటి మాట టైపు చేసింది, అందరూ చప్పట్లు కొట్టారు. పేజీ చకచకా జరుగుతుంటే ఆమె నా వైపు తిరిగి నవ్వింది. అప్పుడు పంతులు గారు పసుపు దారం తీసి కేబినెట్ చుట్టూ మూడు వరసలు చుట్టి ముడి వేశారు.

నేను రాఘవయ్య గారి దగ్గరికి వెళ్లాను. "సార్, ఎల్లుండి వస్త. ఒక్కసారి మూత విప్పేది ఉంది."

"ఏం మాట్లాడుతున్నావయ్యా? పూజ చేసి దారం కట్టిన పెట్టె. డైలాగ్ వెర్షన్ మొత్తం టైపు పూర్తయ్యేదాకా ఎవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు. ఏం, ఏమన్నా తేడా ఉందా?"

నిర్మాత గారు పక్కనే ఉన్నారు. ఆయన తల్లిగారు కూర్చుని ఉన్నారు. ముహూర్తం రోజున, హారతి పళ్లెం ఇంకా చేతుల్లో ఉండగా, "తేడా ఉంది, ఇది కాలుతుంది" అనే మాట ఆ గదిలో అనగలిగినవాడు ఎవడన్నా ఉంటే వాడి కాళ్లు మొక్కుతాను. కాలుతుందనే మాట ఆ వేళ నోట రాకూడదు. కెమెరా ముందు తుమ్మినా ఊరుకోరు వాళ్లు.

"ఏం లేదు సార్, ఊకెనే చూద్దామని" అన్నాను.

నేను చేసిన తప్పు ఆ ఒక్క మాటే. అడాప్టర్ లేకపోవడం తప్పు కాదు, దొరకలేదంతే. నోరుండీ చెప్పకపోవడం తప్పు. మర్నాడు ఫోన్ చేసి చెప్పొచ్చు. వారం పోయాక చెప్పొచ్చు. చెప్పలేదు. అడాప్టర్ వచ్చి నా బ్యాగులోనే ఉంది. ఒక్కసారి దారం జరిపి చూస్తానని రాఘవయ్య గారిని ఇంకోసారి అడిగాను కూడా. "నీకు వేరే పనుల్లేవా?" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను, సిగ్గు లేకుండా.

అక్షరాలు మారిన చోట

మూడు వారాలకు ఫోన్ వచ్చింది. ప్రింటు తీసిన నాలుగు సీన్లలో అక్కడక్కడా అక్షరాలు తప్పు. మాట మధ్యలో ఒక అక్షరం పోయి వేరేది పడుతోంది. నేను వెళ్లేసరికి రాఘవయ్య గారు ఆ కాగితాలు ఊపుతూ అందరి ముందూ వసుంధర గారిని కడిగిపారేస్తున్నాడు. "ఏవమ్మా, కళ్లు ఎక్కడ పెట్టుకుని కొడుతున్నావ్? హీరో గారు ఈ డైలాగు చదివితే మన మొహాన ఉమ్మేస్తాడు."

"నేను సరిగ్గానే కొట్టానండీ, స్క్రీన్ మీద చూసుకున్నాను కూడా" అందామె.

ముందు మనిషిని అడగమని నేర్పారు కదా. మనిషి చెబుతూనే ఉంది. నేను విన్నాను. కేబినెట్ పక్కన చెయ్యి పెట్టి చూశాను, రేకు పెనంలా ఉంది. దారం నల్లబడి ఉంది. "జర రోజూ మధ్యలో అర్ధగంట బంద్ చేసి ఉంచుండ్రి మేడం" అని మాత్రం చెప్పి వచ్చాను.

ఇంకో పది రోజులకు ఫైలు మొత్తం తెరుచుకోలేదు. అరవై చిల్లర సీన్లు. ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. కథ బయటికి పొక్కుతుందని వాళ్లకు ప్రాణభయం. టైపు కాగానే రచయిత చేతిరాత కాగితాలు చింపేసేవాళ్లు. ఫ్లాపీల్లో కాపీ తీయనిచ్చేవాళ్లు కారు. ఉన్నదల్లా ఆ పెట్టెలోనే. ఆ పెట్టె కాస్తా పోయింది.

ఆ రోజు దారం వాళ్లే కోశారు. మూత విప్పితే సాకెట్ చుట్టూ బోర్డు గోధుమరంగుకు తిరిగింది. రాఘవయ్య గారు నా నెత్తిన నిలబడి "ఏంటి కారణం? ఇప్పుడే రాసివ్వు, నిర్మాత గారికి చూపించాలి" అన్నాడు. మూర్తి గారికి ఫోన్ చేశాను. "కాంట్రాక్టు పోతుందయ్యా. ఏం రాయాలో నీకు తెలుసుగా" అన్నారు.

రాశాను. వైరస్ అని రాశాను. రాసేటప్పుడే తెలుసు అది అబద్ధమని.

"వైరస్ ఎట్లా వస్తుంది?" అన్నాడు రాఘవయ్య గారు.

"బయటి ఫ్లాపీలతోటి వస్తది సార్."

ఆయన మెల్లగా వసుంధర గారి వైపు తిరిగాడు. "నువ్వు మొన్నామధ్య ఒక ఫ్లాపీ తెచ్చావు కదమ్మా?"

తెచ్చింది. తెలుగు ఫాంటు ఒకటి కావాలంటే వాళ్ల పనికే తెచ్చింది. ఆమె కాదనలేదు. "తెచ్చానండీ" అంది. అప్పుడైనా నేను నోరు విప్పొచ్చు. విప్పలేదు. బ్యాగు సర్దుకున్నాను. తప్పులు కొట్టింది, ఫ్లాపీతో రోగం తెచ్చింది, నిర్లక్ష్యం మనిషి అని ఆ సాయంత్రమే ఆమెను మానిపించారు. ఫిలింనగర్‌లో ఒక గుమ్మంలో అన్న మాట పది గుమ్మాలు తిరుగుతుంది. ఆ తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదు.

ఆ మెషిన్‌కు బోర్డూ ప్రాసెసరూ కొత్తవి వేసి, ఈసారి మధ్యలో అడాప్టర్ పెట్టి, వేరే ఆపరేటర్‌కు అప్పగించాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

ఎర్రగడ్డ మార్కెట్లో

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున ఎర్రగడ్డలో కూరగాయలు కొంటుంటే వెనకనుంచి "మల్లేశం గారూ, బాగున్నారా?" అని వినిపించింది. వసుంధర గారు. చిక్కిపోయింది. తప్పించుకుని పోదామనుకున్నాను, చేతిలో సంచి బరువు, చుట్టూ జనం.

"ఆ మెషిన్ బాగైందాండీ?" అని అడిగింది. దాని మీదేమీ కోపం లేనట్టు, ఆసుపత్రిలో ఉన్న మనిషి గురించి అడిగినట్టు అడిగింది.

"అయింది మేడం. మంచిగనే నడుస్తున్నది."

"పోన్లెండి. నా వల్ల అంతమందికి పని ఆగిపోయిందని ఒకటే దిగులుగా ఉండేది."

సంచి ఎలా మోసుకొచ్చానో తెలియదు. ఇంట్లో అన్నం కలపకుండా ప్లేటు ముందు కూర్చున్నాను. మా ఆవిడ "ఏమైంది గట్ల కూసున్నవ్?" అంటే చెప్పలేక ఆమె మీదే విసుక్కున్నాను. ఛీ, అదీ ఒక బతుకేనా!

మర్నాడు ఫిలింనగర్ వెళ్లాను. ఆ గేటుకు వేరే బోర్డు ఉంది. అడిగి అడిగి రాఘవయ్య గారిని ఇంకో ఆఫీసులో పట్టుకుని ఉన్నదంతా చెప్పాను. ఆయన కిళ్లీ నములుతూ విన్నాడు. "హీరో డేట్లు పోయి ఆ సినిమానే ఆగిపోయింది. ఇప్పుడెందుకయ్యా తవ్వుకోవడం? ఆ అమ్మాయి పేరు కూడా నాకు గుర్తు లేదు" అన్నాడు. మూర్తి గారికి చెబితే తలుపు దగ్గరికి వేసి, "కాగితం మీద మాత్రం ఒక్క ముక్క పెట్టకు మల్లేశం, కంపెనీ మెడకు చుట్టుకుంటుంది" అని బతిమాలారు. ఇంక మిగిలింది ఆమె ఒక్కతే.

తర్వాతి ఆదివారం మోతీనగర్ వెళ్లాను. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఒక పాత కంప్యూటర్. పెళ్లి శుభలేఖలు, కాలేజీ పిల్లల థీసిస్‌లు టైపు చేస్తోంది. కిటికీ దగ్గర కుర్చీలో వాళ్ల నాన్నగారు, ఒళ్లో కాగితాల కట్ట, చేతిలో ఎర్ర పెన్ను. ఆమె టైపు చేసిన ప్రతి పేజీ ఆయన చదివి సంతకం పెడితే గానీ బయటికి వెళ్లదట. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ అంతే. నాకు కుర్చీ వేస్తూ ఆమే గొంతు తగ్గించి చెప్పింది. "ముప్ఫై ఏళ్లలో నాన్నగారి చేతి కింద ఒక్క తప్పు పోలేదండీ. ఆయన కూతుర్ని తప్పులు కొట్టిందని మానిపించారంటే..." అని ఆపేసింది.

చెప్పేశాను. వోల్టేజీ సంగతి, దారం సంగతి, బ్యాగులో ఉండిపోయిన అడాప్టర్ సంగతి, వైరస్ సంగతి. తల ఎత్తకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.

ఆమె తన చేతుల వైపు చూసుకుంటోంది.

"అంటే ఆ అక్షరాలు నేను కొట్టినవి కావా?" అంది.

"కావు మేడం. మీరు సరిగనే కొట్టిండ్రు. మెషినే మార్చింది. తప్పు నాది."

"నేనే కొట్టాననుకున్నానండీ. స్క్రీన్ మీద చూసుకున్నాననేది కూడా నా భ్రమేమో అనుకున్నాను. ఇప్పుడు శుభలేఖ మీద పేరు కొట్టినా నాన్నగారు చూస్తే గానీ నాకు నమ్మకం లేదు."

ఆమె ఉద్యోగం పోగొట్టానని మాత్రమే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. తన వేళ్లను తనే నమ్మలేని స్థితికి తెచ్చానని అప్పుడు తెలిసింది.

ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. "ఈ మాట రాసిస్తారా?"

మూర్తి గారి మొహం గుర్తొచ్చింది. అయినా రాశాను. 'సాంకేతిక లోపం వల్ల' అని మొదలుపెట్టాను. ఆమె పక్కనుంచి చదివి "లోపం ఎవరిదో ఉండాలి కదండీ" అంది, మెత్తగానే. కొట్టేసి మళ్లీ రాశాను. నేను మల్లేశం, ఫలానా ఆఫీసులో ఫలానా పని సగం చేసి వదిలేశాను, తెలిసీ చెప్పలేదు, అక్షరాలు తప్పు పోవడానికీ ఫైలు పోవడానికీ నేనే కారణం, వసుంధర గారి టైపింగులో ఏ తప్పూ లేదు, ఆమె తెచ్చిన ఫ్లాపీలో ఏ వైరస్సూ లేదు. సంతకం పెట్టాను.

ఆమె దాన్ని తీసుకెళ్లి నాన్నగారి చేతిలో పెట్టింది. మా మాటలు ఆయనకు ఎంతవరకు వినిపించాయో తెలియదు. ఎర్ర పెన్ను ఒక్కో మాట కింద జరుపుతూ చదివారు, అలవాటు కాబోలు. ఒకసారి చదివి, మళ్లీ మొదటి నుంచి చదివారు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఒళ్లో సగం చూసి ఉంచిన థీసిస్ కట్ట తీసి, పెన్నుకు మూత పెట్టి, రెండూ కూతురికి అందించారు.

"మిగతావి నువ్వే చూసుకో అమ్మా. నాకు కళ్లు లాగుతున్నాయి."

ఆమె ఆ కట్ట తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. చాలాసేపు రాలేదు. పెద్దాయనా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. లోపలి గదిలో ఆమె ఒక్కో పేజీ తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది.